గోదావరి బొమ్మల ప్రింట్లను ఆన్‌లైన్‌లో అమ్మడం ఎలా?

సొంతంగా బొమ్మలు వేసుకునే చిత్రకారులు తమ ప్రింట్లను ఆన్‌లైన్‌లో అమ్మడానికి పూనుకున్నప్పుడు శ్రద్ధనంతా ప్రచారం మీద పెట్టి, అసలు సరుకైన ప్రింటును మాత్రం ఊళ్లో దగ్గరగా ఉన్న ఏదో ఒక ఫ్లెక్సీ దుకాణానికి వదిలేస్తున్నారు. ఫోనులో నిగనిగలాడిన కోనసీమ వరిచేను కొన్నవారి గుమ్మం చేరేసరికి వెలిసిపోయిన బూడిద పచ్చగా మారి ఉంటుంది. వారు మొహమాటానికి ఏమీ అనరు గానీ మళ్లీ కొనరు. అందుచేత ఈ వ్యాసంలో తేలిక పనులను త్వరగా దాటించి, రంగు దగ్గర మాత్రం చాలాసేపు ఆగుతాను.

ముందుగా తేల్చుకోవలసినవి

అమ్మే బొమ్మ పూర్తిగా మీదై ఉండాలి. ఈ మాట మన వైపు గట్టిగానే చెప్పవలసి వస్తోంది, ఎందుకంటే నరసాపురంలో పుట్టిన బాపు గీతను జలరంగుల్లో మళ్లీ వేసి, కింద తమ సంతకం చేసి అమ్మేవారు తరచుగా కనిపిస్తున్నారు. మన కాపీరైటు చట్టం ప్రకారం చిత్రకారుడు మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్ల పాటు హక్కు నిలిచి ఉంటుంది. బాపు 2014లో కన్నుమూశారు కనుక ఆయన బొమ్మల మీద హక్కు 2074 చివరి దాకా ఉంటుంది. 1925లోనే మరణించిన రాజమహేంద్రవరం చిత్రకారుడు దామెర్ల రామారావు బొమ్మలకు ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది, అయినా వాటిని మీ పేరుతో అమ్ముకోవడం మర్యాద అనిపించుకోదు. ఇంటర్నెట్‌లో దొరికిన పాపికొండల ఫొటోను చూసి యథాతథంగా వేసిన బొమ్మకు కూడా ఆ ఫొటో తీసినవారి అనుమతి కావాలి. ఏటిగట్టు మీద కూర్చుని మీరే వేసుకున్న స్కెచ్చుకు ఈ చిక్కులేవీ ఉండవు.

సామగ్రి గురించి పెద్దగా చెప్పవలసినది లేదు. ఒక మంచి కెమెరా గాని సీసీడీ రకం (గాజుకు కాస్త ఎడంగా ఉన్నదాన్ని కూడా స్పష్టంగా చదివే) ఫ్లాట్‌బెడ్ స్కానరు గాని, రంగు సరిచూసుకోవడానికి గ్రే కార్డు అనే బూడిదరంగు అట్ట, పిగ్మెంట్ ఇంకుతో (రంగుపొడి కలిసిన ఇంకుతో) ముద్రించే ల్యాబు, 300 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకు గ్రాములు) దరిదాపుల్లో బరువున్న ఆమ్లరహిత కాటన్ కాగితం ఉంటే చాలు. సీఐఎస్ రకం సన్నని స్కానర్లు గాజుకు ఆనని భాగాన్ని మసకగా చూపుతాయి కనుక, తడికి కాస్త అలలు తేలిన జలరంగు కాగితానికి అవి పనికిరావు. రంగు పూర్తిగా కరిగి ఉండే డై ఇంకు చవకే గాని తేమకూ వెలుతురుకూ త్వరగా లొంగిపోతుంది, డెల్టా ఉక్కపోతలో ఆ చవకదనం ఎవరికీ కలిసిరాదు. నిగనిగలాడే ఫొటో కాగితం మీద జలరంగు బొమ్మను ముద్రించకూడదు. దీని మీద నాతో వాదించినవారు చాలామంది ఉన్నారు, నేను మాత్రం అభిప్రాయం మార్చుకోలేదు.

ఏ3 కాగితం కొలత 297 × 420 మిల్లీమీటర్లు. అంగుళానికి 300 చుక్కల లెక్కన దానికి 3508 × 4961 పిక్సెళ్లు కావాలి. అన్ని పిక్సెళ్లు లేని ఫైలును సాఫ్ట్‌వేరుతో సాగదీసి ఏ3గా అమ్మడం కంటే, నిజాయితీగా ఏ4గా అమ్మడం మేలు.

బొమ్మను ఫొటో తీయడం

కెమెరాను స్టాండుకు బిగించి, కటకం బొమ్మ నడిమికి సరిగ్గా ఎదురుగా ఉండేలా చూసుకుని, రెండు పక్కల నుంచి 45 డిగ్రీల కోణంలో ఒకే రకం దీపాలు పెట్టి, తక్కువ ఐఎస్‌ఓలో (కెమెరా వెలుతురును అందుకునే సున్నితత్వాన్ని తగ్గించి), కెమెరా ఏమీ దిద్దని రా ఫైలుగా తీయాలి. మొదటి ఫొటోలో గ్రే కార్డు కూడా పడాలి. దీపాలు లేనివారు ఆరుబయట నీడలో తీస్తారు, అందులో తప్పు లేదు. అయితే కొబ్బరితోట నడుమ ఉన్న ఇంటి అరుగు మీద తీస్తే ఆకుల మీది నుంచి పడే వెలుతురు బొమ్మకు ఒక పక్క పచ్చఛాయ పూస్తుంది, ఎర్రగచ్చు కింది అంచుకు ఎర్రదనం పులుముతుంది. ఈ ఛాయలు బొమ్మ అంతటా సమానంగా పరుచుకోవు కనుక గ్రే కార్డుతో వాటిని తీసేయడం కుదరదు. డాబా మీదికి వెళ్లి, మెట్లగది ఉత్తరపు నీడలో, నేల మీద తెల్ల దుప్పటి పరిచి తీయండి. ఆకాశపు నీలిఛాయ అంతటా ఒకేలా ఉంటుంది, దాన్ని గ్రే కార్డు సులువుగా సరిచేస్తుంది.

రంగు కుదర్చడం: అందరూ తడబడే చోటు

తెర తనంతట తాను వెలిగే వస్తువు. కాగితం మీద పడిన వెలుతురులో కొంత మాత్రమే మన కంటికి తిరిగి వస్తుంది. నాట్లు పడి మూడు వారాలు దాటిన వరిచేనులోని లేతపచ్చ, సాయంత్రపు గోదావరి మీది కాషాయం వంటి రంగులను తెర చూపినంత తేజస్సుతో మ్యాట్ కాగితం, అంటే మెరుపు లేని కాగితం, ఎన్నటికీ చూపలేదు. నలుపు కూడా దాని మీద తెర మీదంత చిక్కగా రాదు. ఈ పరిమితి కాగితానిదే కనుక ఎంత ఖరీదైన ల్యాబుకు వెళ్లినా ఇది పోదు.

సరిగ్గా ఇక్కడే చాలామంది చేయకూడని పని చేస్తారు. పచ్చ తగ్గిందని సాచురేషన్, అంటే రంగుల గాఢత, పెంచుతారు. పెంచినకొద్దీ కాగితం అందుకోలేని ఛాయలన్నీ ఒకే రంగుగా కుదించుకుపోయి, ఆకుకూ ఆకుకూ మధ్య ఉన్న తేడా మాయమై, చేను మొత్తం ఒక ప్లాస్టిక్ పట్టాలా కనిపిస్తుంది. నా పద్ధతి దీనికి ఎదురుగా ఉంటుంది. పచ్చను ఉన్నచోటే ఉంచి, దాని పక్కనున్న గట్టును, ఆకాశాన్ని కొద్దిగా మందగించేలా చేస్తే, కన్ను పోల్చి చూస్తుంది కనుక ఆ పచ్చే ప్రాణం పోసుకుంటుంది. జలరంగులు వేసే ప్రతివారికీ తెలిసిన ఈ సూత్రాన్ని కంప్యూటరు ముందు కూర్చోగానే ఎందుకు మరచిపోతారో నాకు అర్థం కాదు.

దీనికంటే ముందు తెరను దారికి తెచ్చుకోవాలి. ప్రింట్లు నల్లగా వస్తున్నాయనే ఫిర్యాదులో చాలాసార్లు తప్పు ప్రింటరుది కాదు, మితిమీరిన తెర వెలుతురుది. తెరను చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల (వెలుతురు కొలమానం) మధ్య ఉంచాలి. కొలిచే పరికరం లేనివారు ముద్రణకు వాడే తెల్ల కాగితాన్నే పగటి వెలుతురులో తెర పక్కన పట్టుకుని, తెర మీది ఖాళీ తెల్ల పేజీ ఆ కాగితమంత తెలుపుగా కనిపించే దాకా వెలుతురు తగ్గించుకోవాలి. రాత్రిపూట తెరను పసుపుగా మార్చే అమరికను, రంగులను పొంగించే వివిడ్ మోడ్‌ను ఆపేయాలి. ఫోనులో రంగులు దిద్దడం అసలు వద్దు.

తరువాత ల్యాబు వారిని ఆ ప్రింటరుకూ ఆ కాగితానికీ చెందిన ఐసీసీ ప్రొఫైలు, అంటే ఆ రెండూ కలిసి ఏ రంగును ఎలా చూపుతాయో తెలిపే చిన్న ఫైలు, అడిగి తీసుకోవాలి. ఫొటోషాపులోనూ, ఉచితంగా దొరికే జింప్, క్రిటాలలోనూ ఆ ప్రొఫైలు పెట్టి సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింటు ఎలా వస్తుందో తెర మీదే చూపే నమూనా) చూస్తే, కాగితం మీద రంగులు ఎక్కడ పడిపోతాయో ముందే తెలుస్తుంది. ఆ మందమైన రూపం చూసి గాభరా పడకండి, మీరు దిద్దవలసినది దాన్నే. ప్రొఫైలు అంటే ఏమిటని ల్యాబు వారే ఎదురు ప్రశ్న వేస్తే మర్యాదగా నమస్కారం పెట్టి మరో ల్యాబు వెతుక్కోండి. ఫైలును సీఎంవైకేలోకి (నాలుగు ముద్రణ ఇంకుల రంగుల పద్ధతిలోకి) మార్చి పంపమనే సలహా ఆఫ్‌సెట్ ప్రెస్సుల నుంచి వచ్చింది. ఎనిమిది, పది రంగుల ఇంకులతో పనిచేసే పిగ్మెంట్ ప్రింటరుకు అలా మార్చి పంపడమంటే, అది వేయగలిగిన రంగుల్లో కొన్నింటిని మీరే ముందుగా పారేయడం. తెర వాడే ఎరుపు, పచ్చ, నీలం పద్ధతైన ఆర్‌జీబీలోనే, మీ ఫైలు రంగులకు చెందిన ప్రొఫైలును అందులో పొదిగి, నాణ్యత తగ్గని టిఫ్ రూపంలో పంపండి. ‘ఆటో కరెక్షన్ చేయవద్దు’ అని రాతపూర్వకంగా చెప్పండి, నోటిమాట చాలదు.

ఇంత చేసినా పరీక్ష ప్రింటు లేకుండా అమ్మకానికి దిగకూడదు. పెద్ద సైజులో వేయించనక్కరలేదు. బొమ్మలో ప్రమాదమున్న భాగాలను, అంటే లేతపచ్చను, మనుషుల ఒంటిరంగును, ఆకాశం వెలుపలి అంచును, చెట్లకింది ముదురు నీడను ముక్కలుగా కత్తిరించి ఒకే ఏ4 మీద పేర్చి, అమ్మబోయే కాగితం మీదే వేయించాలి. వచ్చిన వెంటనే తీర్పు చెప్పకండి, ఒక రోజు ఆరనివ్వండి. మరునాడు ఉదయం కిటికీ దగ్గర అసలు బొమ్మ పక్కన పెట్టి చూడండి, సాయంత్రం ట్యూబులైటు కింద మళ్లీ చూడండి. పగలు ఒక్కటిగా కనిపించిన రెండు రంగులు దీపం కింద వేరుగా కనిపించవచ్చు, కొన్నవారి ఇంట్లో బొమ్మ వేలాడేది ఎక్కువగా దీపం కిందే. దిద్దేటప్పుడు ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఏమి మార్చారో ఆ ముక్క వెనుక పెన్సిలుతో రాసుకోవాలి. మూడు మార్పులు ఒక్కసారి చేస్తే ఏది మేలు చేసిందో ఏది చెడగొట్టిందో తెలియదు.

అమ్మకపు ఫొటో

ప్రింటు కుదిరాక, అమ్మకానికి పెట్టే ఫొటోను అసలు బొమ్మ ఫైలు నుంచి కాక ఆ ప్రింటు నుంచే తీయాలి. కొనేవారు చూసేదీ వారికి చేరేదీ ఒకటే అయినప్పుడు ఫిర్యాదుకు చోటుండదు. ఎవరివో సోఫాలు, ఎవరివో గోడలు ఉన్న రెడీమేడ్ చిత్రాల్లో బొమ్మను అతికించి పెట్టడం నాకు ఏమాత్రం నచ్చదు, అందులో సైజు కూడా సరిగా తెలియదు. కాగితం అంచు, తెల్ల మార్జిను, చేత్తో పట్టుకున్నప్పుడు ఎంత సైజో కనిపించే ఫొటోలు రెండు మూడు చాలు. ఇన్‌స్టాగ్రామ్‌కు 1080 పిక్సెళ్ల వెడల్పు సరిపోతుంది, అంతకుమించిన ఫైలు నెట్‌లో ఉంచకూడదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుంచించుకుపోతుంది కనుక ల్యాబుకు ఫైలు ఎప్పుడూ అలా పంపవద్దు.

ధర, సంఖ్య, ప్రచారం

ముద్రణకు, ప్యాకింగుకు, కొరియరుకు అయిన ఖర్చును కలిపి దానికి కనీసం మూడు రెట్లు ధర పెట్టాలి. పరిమిత ప్రతులని చెప్పినప్పుడు కింది మార్జినులో ఎడమవైపు 7/50 (యాభైలో ఏడో ప్రతి) అన్నట్లు, కుడివైపు సంతకం, రెండూ పెన్సిలుతోనే రాయాలి. యాభై అయిపోయాక అదే బొమ్మను సైజు మార్చి మళ్లీ అమ్మడం మోసమే.

మన బొమ్మలు కొనేవారిలో చాలామంది గోదావరి జిల్లాల్లో పుట్టి హైదరాబాదులోనో బెంగళూరులోనో విదేశాల్లోనో ఉంటున్నవారు. ‘ప్రకృతి దృశ్యం – 4’ అని పేరు పెడితే వారెవరూ ఆగరు. కాలవ పేరు, లంక పేరు, రేవు పేరు తెలుగులో రాస్తే ఆగుతారు, ఊళ్లోని బంధువులకు కూడా పంపుతారు. కనుమనాడు జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం బొమ్మను కనుమనాడు పోస్టు చేసేవారిని చూస్తే జాలి వేస్తుంది. డిసెంబరు మొదటి వారంలో పెడితేనే పండగలోపు చేరుతుంది. 2027లో వచ్చే గోదావరి పుష్కరాలకు కూడా రేవుల బొమ్మలు ముందే సిద్ధం చేసుకోవడం మంచిది. డబ్బులిచ్చే ప్రకటనలకంటే, బొమ్మ వేస్తున్న దశలను వారానికి ఒకసారి చూపడం ఎక్కువ పనిచేస్తుంది. చెల్లింపుకు యూపీఐ, ధరల పట్టికకు వాట్సాప్ బిజినెస్ కేటలాగు మొదట్లో సరిపోతాయి.

ఒక్క చట్టపు సంగతి మరవకండి. 2014 నుంచి హైదరాబాదు మనకు పక్క రాష్ట్రం. పన్ను వర్తించే సరుకును రాష్ట్రం దాటించి అమ్మేవారికి, అమ్మకాలు ఎంత చిన్నవైనా, జీఎస్‌టీ నమోదు అవసరం. మొదటి పార్సిలుకు ముందే ఆడిటరును కలవండి.

ప్యాకింగు

ఏ3 వరకు ప్రింటును బల్లపరుపుగానే పంపాలి, గొట్టంలో చుట్టకూడదు. మందపాటి కాటన్ కాగితం వానకాలపు తేమలో చుట్టుకుని వారం ఉంటే ఆ వంపు పోదు. ప్రింటు మీద బటర్ పేపరు, దానిపై ప్లాస్టిక్ కవరు, అందులో సిలికా జెల్ పొట్లం, ఇరువైపులా ముడతల అట్టలు. ఒక అట్ట ముడతలు నిలువుగా ఉంటే రెండోదాని ముడతలు అడ్డంగా ఉండాలి, అప్పుడు ఏ దిక్కుకూ వంగదు. అట్టలు ప్రింటుకంటే అన్ని వైపులా రెండు అంగుళాలు పెద్దవిగా ఉంటే మూలలు నలగవు. కొరియరు వారు పార్సిలు కొలతను బట్టి కూడా బరువు కడతారు కనుక, ధర నిర్ణయించే ముందే ఖాళీ ప్యాకెట్టు ఒకటి తయారుచేసి తూకం, కొలత చూపించి అడగండి.

దారిలో పాడైందని ఎవరైనా ఫొటో పంపితే వాదించకుండా మరొకటి పంపండి. పాడైనదాన్ని వెనక్కి తెప్పించడం దండగ. దాన్ని సంతకం మీదుగా చింపి ఫొటో పంపమని అడిగి, కొత్తదాని మీద అదే సంఖ్య వేసి, ఆ ఫొటోను మీ ప్రతుల లెక్క పుస్తకంలో ఆ సంఖ్య ఎదురుగా అంటించుకోండి.