1986 నాటి ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ను ఈనాడు ఎలా ఆడాలి?

జపాన్‌లో 1986 ఫిబ్రవరి 21న ఫ్యామికామ్ డిస్క్ సిస్టమ్ అనే పరికరంతో పాటు విడుదలైన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ సాహస క్రీడలకు ఒరవడి దిద్దిన ఆట. నింటెండో సంస్థలో షిగెరు మియమోతో, తకాషి తెజుకా దీన్ని రూపొందించగా కోజి కొండో సంగీతం సమకూర్చారు. క్యోటోకు దగ్గరలోని సోనోబెలో చిన్నతనాన కొండల్లో, అడవుల్లో, గుహల్లో తిరిగిన అనుభవమే ఈ ఆటకు ప్రేరణ అని మియమోతో చెబుతూ వచ్చారు. అలా తిరిగే పిల్లవాడికి దారి చెప్పేవారు ఉండరు. ఈ ఆటలోనూ దాదాపు ఎవరూ చెప్పరు. దీని ఆకర్షణ అంతా ఆ మౌనంలోనే ఉంది, దీని లోపాలు కూడా చాలావరకు అక్కడి నుంచే పుట్టాయి. ఏ మౌనాన్ని ఓపికతో భరించాలో, ఎక్కడ సంకోచించకుండా సాయం తీసుకోవాలో ముందుగా తెలిస్తే దాదాపు నలభై ఏళ్ళ నాటి ఈ ఆటను మధ్యలో వదిలేయవలసిన అవసరం రాదు.

మొదటి మెట్టు: కాగితం, పెన్సిల్ సిద్ధం చేసుకోవడం

నింటెండో వారి స్విచ్ అనే ఆట పరికరం, దాని నింటెండో స్విచ్ ఆన్‌లైన్ చందా ఉన్నవారికి ఈ ఆట అందులోనే దొరుకుతుంది. ఆటను తెరిచే ముందు ఒక గ్రాఫ్ కాగితం తీసుకుని అడ్డంగా 16, నిలువుగా 8 గడులు గీయండి. హైరూల్ రాజ్యపు నేల సరిగ్గా ఆ 128 తెరలే. ఒక్కో తెరకు ఒక్కో గడి కేటాయించి, అక్కడ కనబడిన గుహ, దుకాణం, చెరువు, ఒంటరిగా నిలబడిన చెట్టు వంటివాటిని గుర్తు పెట్టుకోవాలి. ఆనాడు ఆట పెట్టెలో శత్రువుల వివరాలతో ఒక పుస్తకం, కొంత భాగం ఖాళీగా వదిలిన పటం కూడా వచ్చేవి. అవి కూడా ఆటలో భాగమేనని నా అభిప్రాయం. అవి లేకుండా ఆడేవారు రూపకర్తలు ఉద్దేశించినదాని కంటే కష్టమైన ఆటను ఆడుతున్నట్టే లెక్క. కాబట్టి ఆ పుస్తకాన్ని వెతికి చదవడాన్ని మోసంగా భావించకండి.

రెండో మెట్టు: కత్తి తీసుకుని బయలుదేరడం

ఆట మొదలైన తెరపైనే ఎడమవైపు పైన ఒక నల్లటి గుహ ద్వారం ఉంటుంది. లోపల ఉన్న ముసలాయన, ఒంటరిగా వెళ్ళడం ప్రమాదమని చెప్పి చెక్క కత్తి ఇస్తాడు. ప్రాణాన్ని చూపే గుండె గుర్తులన్నీ నిండుగా ఉన్నంతసేపు ఆ కత్తి దూరం నుంచే మెరుపు విసురుతుంది. ఒక్క దెబ్బ తగిలినా ఆ శక్తి పోతుంది. మనం నడిపే వీరుడు లింక్ నాలుగు దిక్కులకే నడవగలడు, మూలగా కదలలేడు. ఇప్పటి ఆటలకు అలవాటుపడిన చేతికి ఇది మొదట బిగుసుకుపోయినట్టు అనిపిస్తుంది. అరగంట సేపు మొదటి ఏడెనిమిది తెరల్లోనే తిరిగి, శత్రువుతో ఒకే వరుసలోకి వచ్చి కొట్టి వెంటనే పక్కకు తప్పుకోవడం అలవాటు చేసుకుంటే ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

మూడో మెట్టు: డబ్బును జాగ్రత్తగా ఖర్చు పెట్టడం

ఈ ఆటలో డబ్బును రూపీలు అంటారు. పేరు మన రూపాయిని తలపించడం వల్ల లెక్క మనకు దగ్గరగా అనిపిస్తుంది. ఒకేసారి 255కు మించి దాచుకోవడం కుదరదు. మొదట 60 రూపీలు పెట్టి నీలి కొవ్వొత్తి కొనండి, ఎందుకంటే పొదలను కాల్చి రహస్య ద్వారాలు వెతకడానికి అదే ఆధారం. పెద్ద డాలు ఒక దుకాణంలో 160, మరో చోట 130, ఇంకో చోట 90 కాబట్టి కనబడిన మొదటి దుకాణంలోనే కొనకుండా ధరలను పటం మీద రాసి పెట్టుకోండి. ఆ తర్వాత 250 రూపీలు కూడబెట్టి, దెబ్బల తీవ్రతను సగానికి తగ్గించే నీలి ఉంగరం కొంటే ఆట మధ్యభాగం ఎంతో తేలికవుతుంది. విల్లు ఎక్కుపెట్టిన ప్రతిసారీ ఒక రూపీ ఖర్చవుతుందని కూడా గుర్తుంచుకోవాలి. చేతిలో డబ్బు లేకపోతే బాణం వదలదు.

ఇక్కడే ఆటలోని మొదటి పెద్ద లోపం ఎదురవుతుంది. నీలి కొవ్వొత్తి ఒక్కో తెరలో ఒక్కసారే వెలుగుతుంది. ఇరవై పొదలున్న తెరలో ఒకటి కాల్చి, పక్క తెరలోకి వెళ్ళి, తిరిగి వచ్చి మరొకటి కాల్చడం సాహసం కాదు, చాకిరీ. బాంబుతో పగిలే రాళ్ళ మీద పగుళ్ళ గుర్తు కూడా ఉండదు. ఎంతో శ్రమపడి ఒక ద్వారం తెరిస్తే, లోపల ఉన్న ముసలాయన తలుపు మరమ్మతుకు డబ్బు కట్టమని 20 రూపీలు తీసుకునే సందర్భాలూ ఉన్నాయి.

నాలుగో మెట్టు: నేలమాళిగలకు వేరే కాగితం

నేల మీద తిరగడం ఒక ఎత్తయితే, మనం వెతకవలసిన ట్రైఫోర్స్ అనే మాయా త్రికోణపు ముక్కలు దాగి ఉన్న నేలమాళిగలు మరో ఎత్తు. ఎనిమిదింటిలో ఎనిమిది ముక్కలు ఉంటాయి, తొమ్మిదోదానిలో ఆటలోని ప్రధాన శత్రువు గానన్ ఉంటాడు. ఒక్కోదానికి ఒక్కో ఆకారం ఉంది: మొదటిది గద్ద, మూడోది జపాన్ బౌద్ధ ఆలయాల గుర్తు అయిన మంజి, అంటే మన స్వస్తికకు అద్దంలో ప్రతిబింబం వంటిది. గదులను గీస్తూ పోయి ఆకారం తెలిసిన తర్వాత, మిగిలిన ఖాళీ గడి వైపున్న గోడకు సరిగ్గా మధ్యలో బాంబు పెట్టి చూడండి. ఊహించి గోడ పగలగొట్టిన ఆ క్షణంలో కలిగే సంతోషం ఇప్పటి ఆటల్లో బాణం గుర్తు చూపించిన తలుపు తీస్తే కలగదు. డాలు పట్టిన డార్క్‌నట్ యోధులకు ముందునుంచి కొడితే దెబ్బ తగలదు. పక్కనుంచి, వెనకనుంచి కొట్టాలి. అలాంటివారు ఐదారుగురు ఒకే గదిలో తిరుగుతుంటే కత్తి కన్నా బాంబే మేలు.

ఐదో మెట్టు: ఎప్పుడు సాయం అడగాలో తెలుసుకోవడం

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. ఆట ఒక సూచన ఇచ్చి ఉంటే జవాబు చూడకండి. సూచనే ఇవ్వకపోతే, లేదా ఇచ్చిన సూచన చెడిపోయి ఉంటే, వెంటనే చూడండి.

మంచి సూచనకు ఏడో నేలమాళిగే ఉదాహరణ. దేవకన్యలు నివసించని చోట రహస్యాలు ఉన్నాయని ఆటలో ఒక మాట వస్తుంది. ఆ మాట చదివిన రోజున నేను గీసుకున్న పటం ముందు పెట్టుకుని చూస్తే, ఒక గడిలో ‘చెరువు, దేవకన్య లేదు’ అని చాలా రోజుల క్రితం నా చేతిరాతతోనే రాసి ఉంది. అక్కడికి వెళ్ళి పిల్లనగ్రోవి ఊదగానే నీళ్ళు ఇంకిపోయి, అడుగున మెట్లు బయటపడ్డాయి. ఆ జవాబును ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఈ ఆటలోని అత్యుత్తమ ఘట్టం నాకు దక్కేది కాదు.

దీనికి పూర్తిగా భిన్నంగా, అదే నేలమాళిగ లోపల ఒక జీవి దారికి అడ్డంగా నిలబడి ‘గ్రంబుల్, గ్రంబుల్’ అని గొణుగుతుంది. దానికి మాంసం పెట్టాలి. ఆ మాంసం బయట దుకాణంలో కొని ఉండాలి. లేకపోతే వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాలి. ఎనిమిదోదాని ద్వారం ఒక చెట్టు కింద ఉంది. ఆ చెట్టును కాల్చమని స్పష్టంగా చెప్పే మాట నాకు ఆటలో ఎక్కడా కనబడలేదు. ఇలాంటి చోట్ల గంటలు వృథా చేసుకోవడం దేనికి?

అనువాదంలో చెడిన సూచనలు మరో రకం. పోల్స్ వాయిస్ అనే చెవుల జీవికి పెద్ద శబ్దం గిట్టదని పుస్తకంలో రాశారు. జపాన్‌లో ఈ ఆట ఆడిన ఫ్యామికామ్ పరికరపు రెండో కంట్రోలర్‌లో మైకు ఉండేది కాబట్టి అక్కడివారు గట్టిగా అరిస్తే అది చచ్చేది. 1987లో ఈ ఆట అమెరికా వెళ్ళినప్పుడు అక్కడి పరికరానికి మైకు లేదు, పుస్తకంలో వాక్యం మాత్రం మిగిలిపోయింది. పిల్లలు పిల్లనగ్రోవి ఊది ఊది విసిగిపోయే ఆ చోట, మీరు బాణం వేయండి. అమెరికా ప్రతిలో ఒక్క బాణం చాలు.

ఆరో మెట్టు: ప్రాణం పోయినప్పుడు

ఎన్ని గుండెలు సంపాదించినా, ప్రాణం పోయి మళ్ళీ మొదలుపెడితే మూడే నిండి ఉంటాయి. ప్రతిసారీ చెరువు దేవకన్య దగ్గరికి వెళ్ళి నింపుకోవడం సహనాన్ని పరీక్షిస్తుంది. స్విచ్‌లో ఆటను ఉన్నచోటనే భద్రపరచుకునే వీలుంది. దాన్ని నేలమాళిగ ద్వారం దగ్గర మాత్రమే వాడుకోమని నా సలహా. ప్రతి గదికీ వాడితే భయం పోతుంది, భయంతో పాటు ఆట రుచీ పోతుంది. గానన్ గదిలోకి వెళ్ళేముందు వెండి బాణం దొరికిందో లేదో, చేతిలో కొన్ని రూపీలు ఉన్నాయో లేదో చూసుకోండి. వెండి బాణం లేకుండా అతడు చావడు.

పూర్తి చేశాక

ఆట ముగిశాక చాలా స్థలాలు మారిన రెండో అన్వేషణ తెరుచుకుంటుంది. నేలమాళిగలను రూపొందించేటప్పుడు తెజుకా పొరపాటున మెమరీలో సగమే వాడగా, మిగిలిన సగాన్ని ఇలా ఉపయోగించుకున్నారు. మొదటి ఆట పూర్తి చేయకుండా నేరుగా దీన్ని ఆడాలంటే పేరు నమోదు చేసే చోట జెల్డా అని ఆంగ్లంలో రాస్తే సరిపోతుంది. ఇందులో కొన్ని గోడలు పైకి గట్టిగా కనబడినా నెట్టుకుంటూ నడిస్తే దారి ఇస్తాయి, కాబట్టి పాత పటాన్ని పక్కన పెట్టి, 16 గడులు అడ్డంగా, 8 నిలువుగా కొత్త కాగితం మీద మళ్ళీ గీసుకోండి.