అరకు పొగమంచు కోసం మూడు రాత్రులు

ముప్పై ఒక్క ఏళ్లు ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా పనిచేశాను. అందులో సగం రాత్రి డ్యూటీలే. నిద్ర విలువ తెలిసినదాన్ని కనుక, అరకు వెళ్తున్నామని ఎవరైనా చెబితే ఏమేం చూడాలో కాదు, ఎన్ని రాత్రులు ఉండాలో ముందు చెబుతాను. మూడు రాత్రులు ఉండండి. మూడూ ఒకే గదిలో ఉండండి.

మొదటిసారి మేము విశాఖపట్నం నుంచి ఉదయం కారులో బయలుదేరి రాత్రికి తిరిగి వచ్చేశాం. బొర్రా గుహలు, గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట, చాపరాయి, అన్నీ చూశాం. పొగమంచు మాత్రం చూడలేదు. మేము కొండ ఎక్కేసరికి అది విడిపోయింది. మళ్లీ కమ్ముకునే వేళకు మేము కొండ దిగిపోయాం. అది అక్కడ నిద్రపోయినవారికే దొరుకుతుందని రెండోసారి, అక్కతో వెళ్లినప్పుడు తెలిసింది.

అరకు చుట్టూ కొండలున్న లోతైన పళ్లెం లాంటిది. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. వానలు వెనక్కి తగ్గి ఆకాశం తేటపడ్డాక, రాత్రిపూట నేల తన వేడిని త్వరగా వదిలేస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి, వాలుల వెంట జారి లోయ అడుగున చేరుతుంది. పొలాల తడి ఆ గాలిలోనే మంచుగా తేలుతుంది. అందుకే రాత్రి భోజనం కాగానే ఒకసారి బయటికి వచ్చి ఆకాశం చూడండి. చుక్కలు స్పష్టంగా కనిపిస్తూ, ఆకు కదలకుండా ఉంటే ఐదున్నరకు అలారం పెట్టుకోండి. మబ్బు పట్టినా, గాలి వీస్తున్నా హాయిగా నిద్రపోండి, మర్నాడు లేచి వెతికేదేమీ ఉండదు. ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య ఎండ తగలగానే తెర విడిపోతుంది. వానాకాలంలో కనిపించేది ఇది కాదు. అప్పుడు అనంతగిరి, గాలికొండ వైపు మేఘాలే వచ్చి కొండకు ఆనుకుంటాయి. అదీ అందమే, కానీ బట్టలు ఆరవు.

నాకు నచ్చిన రోజులు డిసెంబరు మొదటి రెండు వారాలు, సోమవారం నుంచి గురువారం వరకు. శని, ఆదివారాల్లో, క్రిస్మస్ నుంచి సంక్రాంతి వరకు గదులు దొరకవు, రోడ్డంతా వాహనాలే. గది తీసుకునేటప్పుడు వేడినీళ్లు ఏ వేళల్లో ఇస్తారో, రెండో రగ్గు ఇస్తారో లేదో ముందే అడగండి. అడగకుండా వెళ్లి ఒక రాత్రంతా చీరలు కప్పుకుని పడుకున్నాం.

వెళ్లేటప్పుడు రైలే ఎక్కండి. కిరండూల్ వెళ్లే పాసింజరు విశాఖలో ఉదయం ఏడులోపే బయలుదేరుతుంది కనుక ముందురోజు రాత్రికే విశాఖ చేరుకోవాలి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన లైను ఇది. శృంగవరపుకోట దాటాక కొండ ఎక్కడం మొదలవుతుంది. అరకు వరకు సొరంగాల మీద సొరంగాలు. పిల్లలైతే ప్రతి సొరంగంలోనూ కేకలు పెడతారు. చెవులు మూసుకోకండి, ఆ సంబరం చూడండి. శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ తలుపు దగ్గర నిలబడితే మొదటి చలి ముఖానికి తగులుతుంది. ఆ తర్వాత రైలు కొంచెం దిగి అరకు చేరుతుంది. మొత్తం సుమారు నాలుగు గంటలు. అద్దాల బోగీ కావాలంటే చాలా ముందుగా రిజర్వేషన్ చేయించుకోవాలి.

అక్కడ రోజుకు ఒక్క పనే పెట్టుకోండి. ఒకరోజు కాఫీ తోట. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు అల్లుకుని ఉంటాయి, వాటి నీడలో కాఫీ మొక్కలు. డిసెంబరులో పండ్లు ఎర్రగా ఉంటాయి, కోత నడుస్తూ ఉంటుంది. 2019లో ఇక్కడి అరబికా రకం కాఫీకి భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు వచ్చింది. మరో రోజు బొర్రా గుహలు. మెట్లు ఎక్కువ, కొన్నిచోట్ల తడి కూడా, మోకాళ్ల నొప్పి ఉన్నవారు మెల్లగా దిగాలి. ఇంకో రోజు ఏమీ వద్దు. వలిసె పూల మధ్య గట్టు మీద నడవండి. ఆ పసుపు పచ్చని పూలు అలంకారానికి వేసినవి కావు, నూనెగింజల పంట. ఫొటో కోసం చేలో దిగితే ఒక రైతు కష్టం తొక్కినట్టే. గూడెంలో మనుషులను ఫొటో తీసేముందు అడగండి, వద్దంటే ఊరుకోండి.

చలికి పేరుపడ్డ లంబసింగి ఊరిని ఈ ప్రయాణంలో కలపవద్దు. దానికి నర్సీపట్నం మీదుగా వేరే ప్రయాణం పెట్టుకోండి. బయట పడుకుంటే కొయ్యలా బిగుసుకుపోతారని ఆ ఊరికి కొర్రబయలు అనే పేరు కూడా ఉంది.

బొంగు చికెన్ తినాలంటే ముందే చెప్పి చేయించుకోండి. మసాలా పట్టించిన ముక్కలను పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద కాలుస్తారు. నూనె ఉండదు. కళ్లముందు బొంగు చీల్చి ఆకులో పోసినప్పుడు వచ్చే ఆవిరి వాసన అప్పటికప్పుడు తిన్నవారికే. ఎప్పుడో కాల్చి మళ్లీ వేడిచేసినది వద్దు.

ఇక ఆరోగ్యం. మా అక్కకు ఉబ్బసం. ఎండ వచ్చేవరకు ఆమె కిటికీలోంచే చూసింది. బయటికి వచ్చినప్పుడు ముక్కు మీదుగా మఫ్లరు కట్టుకుంది, ఇన్‌హేలరు సంచిలో కాదు, చేతికందేలా కొంగున ముడివేసుకుంది. చలిలో రక్తపోటు పెరుగుతుంది, ఆ మాత్రలు ఒక్కపూట కూడా మానకండి. దాహం తెలియదు కనుక పెద్దవారికి గంట గంటకూ గోరువెచ్చని నీళ్లు ఇవ్వండి. పాదాలకు ఉన్ని మేజోళ్లు ఉంటే నిద్ర త్వరగా పడుతుంది. ఘాట్ రోడ్డులో వాంతులయ్యేవారు కడుపు నిండా తిని ఎక్కకూడదు. చీకటిపడ్డాక మంచులో ఆ మలుపులు దిగనే వద్దు.

దోమల విషయంలో అశ్రద్ధ చేయకండి. ఏజెన్సీలో మలేరియా ఎప్పటినుంచో ఉంది. చలికాలమైనా నిండు చేతుల బట్టలు వేసుకోండి, దోమతెర తీసుకువెళ్లండి. ఇంటికి వచ్చాక, కొన్ని వారాలు గడిచాక అయినా, వణుకుతో జ్వరం వస్తే ఇంట్లో మాత్ర వేసుకుని చూడవద్దు. ఆరోజే రక్తపరీక్ష చేయించండి. అరకు వెళ్లి వచ్చామని డాక్టరు అడగకముందే చెప్పండి.