ఫోను ఎత్తకపోతే గుండె దడ: చిన్ననాటి గాయం కాపురంలోకి వచ్చినప్పుడు ఏం చేయాలి

గుజరాత్ తీరంలోని వెరావల్‌లో బోటు పనికెళ్లిన భర్త మూడుసార్లు చేసినా ఫోను ఎత్తలేదు. ఒడ్డుకు దూరమైతే సిగ్నల్ ఉండదని భార్యకు తెలుసు. అయినా అరచేతులు చల్లబడతాయి. ఫోను కలిసేసరికి ముందు తిట్టే వస్తుంది. శ్రీకాకుళం తీరంలో ఇది చాలా ఇళ్లలో కనిపించేదే గానీ, అందరికీ ఒకే తీవ్రతతో రాదు. అమ్మానాన్న వలస వెళ్లినప్పుడు ఎప్పుడొస్తారో చెప్పేవాళ్లు లేక పెరిగిన పిల్లకి "ఎత్తలేదు" అన్నది "వదిలేశారు"గా వినిపించొచ్చు. (అమ్మమ్మ దగ్గర పెరగడమే గాయమని కాదు. ఆ ప్రేమతోనే నిలబడ్డవాళ్లు బోలెడుమంది.) తాగొచ్చి కొట్టే తండ్రిని చూసి పెరిగిన మగవాడైతే, గొంతు పెరగ్గానే నోరు మూసుకుని అరుగు మీదకు పోతాడు. "ఏటలా మాట్లాడకుండున్నావు?" అని ఆమె వెంటపడుతుంది. ఆమెకది పొగరు. అతనికది చిన్నప్పుడు దెబ్బలు తప్పించిన ఉపాయం.

1998లో అమెరికాలో వైద్యులు ఫెలిట్టి, ఆండా బృందం చిన్ననాటి హింస, ఇంటి అల్లకల్లోలం పెద్దయ్యాక వచ్చే జబ్బులతో ముడిపడి ఉన్నాయని చూపింది. తర్వాతి పరిశోధనలు దాంపత్య తృప్తి తగ్గడాన్ని కూడా ఆ జాబితాలో చేర్చాయి. మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఇప్పుడు ఒంట్లో, మనసులో జరుగుతున్నదాన్ని తీర్పు చెప్పకుండా గమనించడం, ఎక్కువున్నవాళ్లలో తృప్తి ఎక్కువగా కనబడింది. వీటిలో చాలావరకు ప్రశ్నపత్రాలతో ఒకేసారి అడిగి తేల్చినవి. అందుచేత రెండూ కలిసి కనబడతాయనే చెప్పగలం, ఒకటి రెండోదాన్ని తెచ్చిందని కాదు.

మొదటి వారం మైండ్‌ఫుల్‌నెస్ సాధనేమీ వద్దు, రాయండి చాలు. గొడవ చల్లారాక మూడు ముక్కలు: ఏం జరిగింది, ఒంట్లో ఎక్కడ తెలిసింది (గొంతా, కడుపా, దవడా), నేనేం చేశాను. చాలామంది ఇక్కడే తప్పుతారు, ఎదుటివాళ్ల తప్పుల చిట్టా రాసేస్తారు. "అతను" అని మొదలైన వాక్యం కొట్టేయండి.

రెండో వారం నుంచి ఆ సాధన రోజుకు 3 నిమిషాలు, అలవాటయ్యాక 10. అమెరికాలో జాన్ కబాట్-జిన్ 1979లో మొదలుపెట్టిన మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ 8 వారాలది. కాబట్టి నాలుగు రోజులకే ఫలితం చూడకండి. కళ్లు మూసి శ్వాస గమనించమని అందరూ చెబుతారు. గాయం ఉన్నవాళ్లకు అదే బెడిసికొట్టొచ్చు, చీకటిలో పాత దృశ్యం తిరిగొస్తుంది. కళ్లు తెరిచే ఉంచండి. అరికాళ్లకు నేల తగలడం, ఫ్యాను చప్పుడు, ఇలా బయటిదాన్ని పట్టుకోండి. జ్ఞాపకం ముంచుకొస్తే ఆపేసి, కనబడే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పి, చన్నీళ్లతో ముఖం కడుక్కోండి. పట్టుదలగా కూర్చోవద్దు.

అసలు పరీక్ష గొడవలోనే. దంపతుల గొడవలపై పరిశోధన చేసిన అమెరికా మానసిక శాస్త్రవేత్త గాట్‌మన్ చెప్పినట్టు గుండె నిమిషానికి 100 దాటితే మాట సరిగా చెవికెక్కదు, చల్లబడడానికి కనీసం 20 నిమిషాలు పడుతుంది. విరామం అడగండి, కానీ గడియారం చెప్పి: "నాకు గాబరాగుంది. తొమ్మిదిన్నరకొచ్చి మాట్లాడతాను." టైము చెప్పకుండా లేచిపోతే వదిలేయబడతామనే భయం ఉన్న మనిషికి అంతకు మించిన దెబ్బ లేదు. ఆ 20 నిమిషాలూ జవాబులు నూరుకుంటూ కూర్చుంటే గుండె దిగదు. డాబా మీద నడవండి, అంట్లు తోమండి. ఉమ్మడి ఇంట్లో అత్తగారి ముందు ఇదంతా చెప్పలేరు కాబట్టి ఇద్దరికే తెలిసిన మాటొకటి ముందే అనుకోండి. చెప్పిన టైముకి తిరిగి రావడమే ముఖ్యం. నాలుగుసార్లు వస్తే గానీ అవతలి మనిషి ఒళ్లు నమ్మదు.

పాత సంగతి చెప్పడం తొందరపడి చేసేది కాదు. గొడవ మధ్యలో అసలు వద్దు. ఒక్క రాత్రిలో అంతా చెప్పనక్కర్లేదు. వినేవాళ్లు "అందరిళ్లలో ఉన్నదే" అనకండి, మర్నాడు దాన్నే ఎత్తిపొడవకండి.

కొట్టడం, బెదిరించడం ఉన్నచోట ఇదేదీ వర్తించదు. దెబ్బలను గమనిస్తూ ఓర్చుకోవడం మైండ్‌ఫుల్‌నెస్ కాదు. మహిళల సహాయ నంబరు 181కి, అత్యవసరమైతే 112కి ఫోను చేయండి. పీడకలలు, చచ్చిపోవాలనే ఆలోచనలు ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీమానస్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆసుపత్రికి వెళ్లేట్టయితే సైకియాట్రీ ఓపీ ఎక్కడని అడగండి. "పిచ్చాసుపత్రి" అనే మాటకు జంకి ఆగిపోయినవాళ్లే ఎక్కువ.

వెరావల్ ఫోను సంగతి: బోటు కదిలేముందు అతను "ఇన్నాళ్లకు ఒడ్డుకొస్తాం, అప్పుడే ఫోను" అని వాయిస్ మెసేజ్ పెట్టాలి. ఆమె ఆ తేదీని క్యాలెండరులో రాసుకోవాలి. దడ మొదలైతే ముందు అరికాళ్లు, తర్వాత క్యాలెండరు, ఆ తర్వాతే ఫోను.