సావళ్లు (రిబ్బన్‌లా పొడుగ్గా ఉండే చేపలు) చిన్నప్పుడు ఏం తింటాయి, పెద్దయ్యాక ఏం తింటాయి? ఇంట్లోనే చూడటం ఎలా?

"ఈ చేప ఏం తింటుంది?" అంటే సగం ప్రశ్నే అడిగినట్టు. ఎంత సైజు చేప అని కూడా అడగాలి, ఎందుకంటే సముద్రపు చేపలు చాలావరకు నమలవు, మింగేస్తాయి, కాబట్టి నోట్లో పట్టేదే వాటికి తిండి.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో కొన్న చేపలతో ఇది మీరే చూడొచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రెండు నెలలూ వదిలేయండి. పొద్దున్నే వెళ్లి "అమ్మా, సావళ్లు చిన్నవి ఓ పది, పెద్దవి ఓ పది వేరువేరుగా ఇవ్వమ్మా" అనండి. శుభ్రం చేసిస్తానంటే మాత్రం వద్దనండి, మనకి కావాల్సింది ఆవిడ తీసి పారేసేదే. చచ్చాక కూడా కడుపులో తిండి అరుగుతూనే ఉంటుంది, అందుకే అక్కడే ఐసు వేయించుకోండి.

ఇంటికొచ్చాక ముందు కొలవాలి. దారంలాంటి ఆ తోక తరచూ తెగిపోతుంది కాబట్టి మొత్తం పొడవు నమ్మకండి, ముక్కు కొస నుంచి మలద్వారం దాకా కొలిచి రాసుకోండి. తర్వాత మలద్వారం దగ్గర మొదలుపెట్టి గొంతు దాకా కత్తెరతో పైపైనే కోసి, గొంతుకి ఆనుకుని ఉన్న కడుపు సంచిని తెల్ల పళ్లెంలో చీల్చి, కొంచెం నీళ్లు పోసి భూతద్దంతో చూడండి.

చిన్నవాటిలో ఎక్కువగా రొయ్యపొట్టు సైజు రొయ్యలే ఉంటాయి. ఒళ్లు కరిగిపోయినా వాటి కళ్లు నల్లటి చుక్కల్లా మిగులుతాయి, నాకు ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే. పెద్దవాటిలో నెత్తళ్లలాంటి చేపలు, ఒక్కోసారి స్క్విడ్, ఒక్కోసారి చిన్న సావళ్లే! మాంసం అరిగిపోయినా వెన్నుపూసలు, తెల్లటి చెవిరాళ్లు (చేప తలలో, చెవి భాగంలో ఉండే చిన్న రాళ్లు) దొరికితే చేపని తిన్నట్టే.

నోట్లోనో గొంతులోనో చెక్కుచెదరకుండా కనిపించేదాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, వలలో ఇరుక్కున్నాక పక్కనున్నదాన్ని మింగి ఉండొచ్చు. చాలా కడుపులు ఖాళీగా ఉంటాయి, వల పైకి లాగేటప్పుడు కొన్ని కక్కేస్తాయి కూడా. టెన్షన్ పడకండి, "ఖాళీ" అని రాసుకోండి, అదీ లెక్కే.

చెయ్యి తిరిగాక కానాగంతలు (మాకెరెల్ చేపలు) చూడండి. వీటి పిల్లలు కంటికి కనబడనంత చిన్న డయాటమ్‌లు (నాచులాంటి ఒంటికణ జీవులు), సన్నటి ప్లాంక్టన్ (నీళ్లలో తేలే చిన్న జీవులు) తింటాయి, పెద్దయ్యేకొద్దీ రొయ్య పిల్లలకి, చేప పిల్లలకి మారతాయి. ఆ మార్పు పేగులోనే తెలుస్తుంది: పేగుని తెగకుండా మెల్లగా విప్పి, స్కేలు పక్కన పరిచి, వచ్చిన పొడవుని చేప పొడవుతో భాగించండి, చిన్న చేపకే పెద్ద అంకె వస్తుంది, అంటే తిండి మారేకొద్దీ ఒంటితో పోలిస్తే పేగు పొట్టిదవుతుందన్నమాట.