పాత విమానం, కొత్త దేశం – 3వ పాఠం: ఒక రిజిస్టరులోంచి ఇంకో రిజిస్టరులోకి

పోయిన పాఠంలో కెనడాలో ఉన్న ఏరోంకా చాంప్‌ను (ఏరోంకా కంపెనీ చేసిన పాతకాలపు చిన్న విమానం) ఎలా చూసి కొనాలో చెప్పుకున్నాం. ఇంజను, రెక్కల మీది గుడ్డ, లోపలి చెక్క స్పార్లు (రెక్కను మోసే దూలాలు) అన్నీ చూశారు, బేరం కుదిరింది అనుకుందాం. ఇప్పుడు దాన్ని అమెరికా రిజిస్టరులోకి, అంటే ఆ దేశపు అధికారిక విమానాల జాబితాలోకి తేవాలి. ఇది కాగితాల పాఠం. దయచేసి దాటేయకండి. ఇక్కడ ఒక్క అక్షరం తేడా వస్తే మీ విమానం నెలల తరబడి కదలదు.

డబ్బు పంపకముందే ఒక పని చేయండి. విమానానికి బిగించిన డేటా ప్లేట్ ఫోటో తెప్పించుకోండి. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద రేకు అది. తయారీదారు, మోడల్, సీరియల్ నంబరు దాని మీదే గుద్ది ఉంటాయి. చాంప్ మోడల్ పేరు 7ఏసీ. దాని పక్కన చిన్నగా ‘ఎక్స్’ అక్షరం కనిపిస్తే అక్కడే ఆగిపోండి. కెనడాలో ‘ఓనర్ మెయింటెనెన్స్’ అనే వర్గం ఉంది. అందులోకి వెళ్లిన విమానాన్ని యజమానే స్వయంగా రిపేరు చేసుకోవచ్చు, సంతకం పెట్టుకోవచ్చు. ఆ వర్గంలోకి మారిన విమానాల ప్లేట్ మీద ఈ ఎక్స్ కొడతారు. అలాంటి విమానానికి అమెరికాలో మామూలు ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్ (ఎగరడానికి తగినదన్న పత్రం) తేవడం దాదాపు అసాధ్యం. ధర చవగ్గా ఉందంటే ముందు ఈ అక్షరం కోసమే వెతకండి.

ఇక మీ అర్హత. మన తెలుగువాళ్లలో చాలామందికి ఇది ముఖ్యం. అమెరికాలో సొంత పేరు మీద విమానం రిజిస్టర్ చేయాలంటే పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు నేరుగా చేయలేరు. ట్రస్టు ద్వారా చేసే దారి ఒకటుంది కానీ, ఇంత చిన్న విమానానికి ఆ ఖర్చు దండగ. గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగమనే నా సలహా.

ఇప్పుడు అసలు సూత్రం. 1944 నాటి షికాగో ఒప్పందం ప్రకారం విమానానికీ జాతీయత ఉంటుంది. అది ఏ దేశపు రిజిస్టరులో ఉంటే ఆ దేశానిదే (17వ అధికరణం). ఒకేసారి రెండు దేశాల్లో రిజిస్టర్ అయి ఉండకూడదు (18వ అధికరణం). అందుకే అమెరికా తలుపు తెరవాలంటే కెనడా తలుపు ముందు మూతపడాలి. కెనడా రిజిస్టరు నుంచి పేరు కొట్టేయమని ట్రాన్స్‌పోర్ట్ కెనడాను (అక్కడి రవాణా శాఖను) అడగాల్సింది అమ్మినాయన, మీరు కాదు. ఆ రిజిస్ట్రేషన్ ముగిసిందని అక్కడి అధికారి తన పేరు, హోదాతో, విమానం తయారీదారు, మోడల్, సీరియల్ నంబరు రాసి ఇచ్చే పత్రం ఓక్లహామా సిటీలో ఉన్న ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) రిజిస్ట్రీకి చేరాలి. అది లేకుండా మీ ఫైలు ముందుకు జరగదు. ఇది జరిపిస్తానని అమ్మినాయన చేత అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి.

ఇక్కడ ఒక చిక్కుంది. కెనడా పేరు కొట్టేసిన రోజు నుంచి అమెరికా సర్టిఫికెట్ వచ్చే రోజు దాకా ఆ విమానం ఏ దేశానిదీ కాదు. ఎగరకూడదు. అమెరికాలోనే కొన్న విమానమైతే అప్లికేషన్ కాపీ లోపల పెట్టుకుని దేశంలో ఎగరేయవచ్చు. విదేశీ రిజిస్టరు నుంచి వచ్చినదానికి ఆ వెసులుబాటు లేదు. అందుకే నేను రెక్కలు విప్పించి ట్రెయిలర్ మీద తెచ్చుకున్నాను. ట్రెయిలర్ ఖర్చయింది కానీ, టెన్షన్ లేకుండా నిద్రపోయాను.

ఎఫ్ఏఏకి పంపాల్సినవి మరో రెండు: 8050-1 అనే రిజిస్ట్రేషన్ అప్లికేషన్, బిల్ ఆఫ్ సేల్ (అమ్మకపు పత్రం). ఫీజు 5 డాలర్లు. కెనడా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఉన్నది విమానం ఎవరి ఆధీనంలో ఉందన్న సంగతి మాత్రమే, అది యాజమాన్యానికి రుజువు కాదు. అందుకే బిల్ ఆఫ్ సేల్ ప్రాణం లాంటిది.

నా ఫైలు ఒకసారి వెనక్కి వచ్చింది. కారణం నా పేరే. బిల్ ఆఫ్ సేల్ మీద ఇంటిపేరు పొడి అక్షరంగా పడింది. అప్లికేషన్‌లో గ్రీన్ కార్డు మీద ఉన్నట్టు పూర్తిగా రాశాను. మనకు అది ఒకే మనిషి పేరు, చదివేవాళ్లకు ఇద్దరు మనుషులు. అమ్మినాయన చేత కొత్తగా రాయించి పంపేసరికి వారాలు గడిచాయి. కాబట్టి గ్రీన్ కార్డు మీద ఎలా ఉందో అలాగే, అదే వరసలో, రెండు చోట్లా రాయండి. సంతకం పక్కన పేరు అచ్చు అక్షరాల్లో ఉండాలి. పోస్టు బాక్సు ఇస్తే ఇంటి అడ్రసు కూడా ఇవ్వాలి.

విమానం వివరాలదీ అదే పద్ధతి. చాంప్ సీరియల్ నంబరు ‘7ఏసీ-’తో మొదలవుతుంది. కొందరు ఆ ముందు ముక్క వదిలేసి అంకెలే రాస్తారు. టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్ డిజైన్‌కు ప్రభుత్వం ఇచ్చే ఆమోదం) తర్వాత వేరే కంపెనీల చేతికి వెళ్లింది కాబట్టి తయారీదారు దగ్గర ఆ పేర్లు రాసేవాళ్లూ ఉన్నారు. ప్లేట్ మీద ‘ఏరోంకా’ అని ఉంటే ఏరోంకాయే.

ఇక విమానం మీద రాసే అమెరికా రిజిస్ట్రేషన్ నంబరు విషయం. అది ‘ఎన్’తో మొదలవుతుంది. ‘ఎన్’ తర్వాత గరిష్ఠంగా అయిదు గుర్తులు. సున్నాతో మొదలవకూడదు, ‘ఐ’, ‘ఓ’ అక్షరాలు వాడరు. నచ్చింది ఖాళీగా ఉంటే 10 డాలర్లకు ఏడాది పాటు అట్టిపెట్టుకోవచ్చు. మీ విమానం కెనడా వెళ్లకముందు అమెరికాలో ఉండి ఉంటే, లాగ్‌బుక్ మొదటి పేజీల్లో దాని పాత నంబరు దొరకొచ్చు. ఇంకా ఎవరికీ ఇవ్వకపోతే అదే అడగండి.

మామూలుగా ఈ నంబరు 12 అంగుళాల ఎత్తున రాయాలి. తయారై 30 ఏళ్లు దాటిన చిన్న విమానానికి మాత్రం రెండు అంగుళాలు చాలు. పైగా దాని ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్ స్టాండర్డ్ (మామూలు) వర్గానిది అయితే పాతకాలంలోలా ‘ఎన్‌సీ’ అని కూడా రాసుకోవచ్చు. 1946లో ఒహాయోలోని మిడిల్‌టౌన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన చాంప్‌లు ఆ రెండక్షరాలతోనే ఎగిరాయి. తోక మీద బ్రష్షుతో ఆ ‘సీ’ వంపు తిప్పుతున్నప్పుడు నా చెయ్యి వణికింది. మళ్లీ కెనడా మీదుగా ఎగరాలనుకుంటే ఈ చిన్న అక్షరాలకు ఆ దేశం ఒప్పుకోవాలని గుర్తుంచుకోండి.

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఏడేళ్లు చెల్లుతుంది. అది చేతికొచ్చినా ఇంకా ఎగరకూడదు. ఎయిర్‌వర్దీనెస్ వచ్చే పాఠంలో.

ఈలోగా ఇంటిపని: డేటా ప్లేట్ ఫోటో చూస్తూ తయారీదారు, మోడల్, సీరియల్ నంబరు ఒక తెల్లకాగితం మీద అక్షరం అక్షరం రాయండి. దాని కింద కెనడా సర్టిఫికెట్‌లో, బిల్ ఆఫ్ సేల్‌లో, లాగ్‌బుక్‌లో ఎలా ఉందో రాయండి. చిన్న గీత తేడా ఉన్నా ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, అది ఏ ఏడాది మొదలైందో లాగ్‌బుక్‌లో వెనక్కి వెళ్లి వెతకండి. ఆ కాగితం జాగ్రత్తగా దాచండి. ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు మనం మొదట బయటికి తీసేది దాన్నే.