ఐ ట్రిపుల్ ఈ సీనియర్ మెంబర్ దరఖాస్తు: ఫారం తేలికే, చిక్కంతా రిఫరెన్సుల దగ్గర

"ఐ ట్రిపుల్ ఈలో సీనియర్ మెంబర్ చేయిస్తాం, మూడు రిఫరెన్సులూ మేమే చూసుకుంటాం, మీరు అమౌంట్ పంపితే చాలు." సాఫ్ట్‌వేర్ వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి మెసేజీలు బాగానే తిరుగుతున్నాయి. ఐ ట్రిపుల్ ఈ (IEEE) అంటే ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ ఇంజినీర్ల అంతర్జాతీయ సంఘం, సీనియర్ మెంబర్ అందులో ఒక సభ్యత్వ గ్రేడ్. అసలు సంగతి ఏమిటంటే, సీనియర్ మెంబర్ దరఖాస్తుకు ఫీజే లేదు. మెంబర్‌గా ఏటా కట్టే చందా ఎలాగూ కడతారు, గ్రేడ్ పెరిగిందని అదనంగా ఇంకేమీ వసూలు చేయరు. మధ్యలో ఎవరైనా డబ్బు అడిగారంటే అది వాళ్ల జేబుకే.

గ్రేడ్ల సంగతి క్లుప్తంగా. చదువుకుంటున్నవాళ్లకు స్టూడెంట్, గ్రాడ్యుయేట్ స్టూడెంట్ గ్రేడ్లు. సంబంధిత రంగంలో డిగ్రీ పూర్తయినవాళ్లు మెంబర్. ఆ అర్హత ఇంకా చూపలేనివాళ్లూ, పక్క రంగాల నుంచి ఆసక్తితో చేరేవాళ్లూ అసోసియేట్. బీటెక్ ఉండి కూడా మీ పేరు పక్కన అసోసియేట్ అని కనిపిస్తుంటే, ప్రొఫైల్‌లో చదువు వివరాలు సరిగ్గా నింపారో లేదో ముందు చూసుకోండి. మనంతట మనం దరఖాస్తు చేసుకోగలిగిన గ్రేడ్లలో అన్నింటికన్నా పైది సీనియర్ మెంబర్. దాని పైన ఉన్న ఫెలోకు దరఖాస్తు ఉండదు, వేరొకరు నామినేట్ చేయాలి. ఏడాదికి ఎంపికయ్యే ఫెలోలు ఓటు హక్కున్న సభ్యుల్లో 0.1 శాతానికి మించకూడదని నియమం. ఫెలో ఇప్పిస్తామని ఎవరైనా అంటే ఇక ఆలోచించాల్సిన పనే లేదు.

సీనియర్‌కు కావాల్సింది పదేళ్ల వృత్తి అనుభవం. చదువుకు ఇందులో కొంత మినహాయింపు ఉంది: బ్యాచిలర్స్‌కు 3 ఏళ్లు, మాస్టర్స్ కూడా ఉంటే 4, డాక్టరేట్ ఉంటే 5. అంటే బీటెక్‌తో ఉద్యోగంలో చేరినవాళ్లకు ఏడేళ్ల సర్వీసు, ఎంటెక్ లేదా ఎంఎస్ చేసినవాళ్లకు ఆరేళ్లు సరిపోతాయి. కంప్యూటర్ సైన్స్, ఐటీ కూడా గుర్తింపు పొందిన రంగాలే కాబట్టి "నాది ఎలక్ట్రికల్ కాదు కదా" అని టెన్షన్ పడక్కర్లేదు.

చాలామంది ఈ లెక్క దగ్గరే ఆగిపోతారు. పదేళ్లలో కనీసం ఐదేళ్లు చెప్పుకోదగ్గ పనితీరు కనబరిచి ఉండాలన్నది రెండో షరతు. ఆ ఐదేళ్లకు డిగ్రీలు పనికిరావు, చేసిన పనే చూపించాలి. అలాగని పేటెంట్లు, పేపర్లు ఉంటేనే అవుతుందనుకోవద్దు. ఒక ముఖ్యమైన ప్రాజెక్టులో సాంకేతిక బాధ్యత మోయడం, టీమ్‌ను నడిపి ఫలితం సాధించడం, కాలేజీలో కొత్త కోర్సు రూపొందించి నిలబెట్టడం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి.

ఆ పని కనపడాల్సింది రెజ్యూమెలో. మన ఐటీ వాళ్ల రెజ్యూమె ఎలా ఉంటుందో తెలిసిందే: క్లయింట్ పేరు, కింద ఎన్విరాన్‌మెంట్ అని జావా, ఒరాకిల్, జెంకిన్స్ అంటూ పెద్ద జాబితా, ఆ కింద "డెవలప్‌మెంట్‌లో పాల్గొన్నాను, సపోర్ట్ చేశాను" అనే ఇరవై లైన్లు. కన్సల్టెన్సీ ఇంటర్వ్యూలకు అది నడుస్తుంది. ఇక్కడ చదివేది సీనియర్ మెంబర్లు, ఫెలోలు ఉన్న ప్యానెల్. వాళ్లకు కావాల్సింది మీరేం చేశారన్నది. "పేమెంట్స్ మైగ్రేషన్‌లో పనిచేశాను" అని రాసిన చోట "2017 జూన్ నుంచి 2020 మార్చి వరకు ఆరుగురి టీమ్‌కు లీడ్‌ని, పాత పేమెంట్ సిస్టమ్‌ను ఆపకుండా కొత్త డేటాబేస్‌కు మార్చే డిజైన్ నాది, ఇప్పుడు అన్ని లావాదేవీలూ దాని మీదే నడుస్తున్నాయి" అని రాస్తే చదివేవాళ్లకు అర్థమవుతుంది. ప్రతి ఉద్యోగానికీ నెల, సంవత్సరం వేయండి. తేదీలు లేకపోతే ఏళ్లు కూడేదెలా? రెజ్యూమె ఇంగ్లిష్‌లోనే ఉండాలి.

ఇక రిఫరెన్సులు. మూడు కావాలి. ఇచ్చేవాళ్లు సీనియర్ మెంబర్, ఫెలో, ఆనరరీ మెంబర్ గ్రేడ్లలో ఏదో ఒకదానిలో ఉండాలి. మీ మేనేజర్ ఎంత పెద్ద హోదాలో ఉన్నా, ఆయనకు ఈ గ్రేడ్ లేకపోతే ఆయన మాట ఇక్కడ చెల్లదు. ఇంకో మెలిక, వాళ్ల సభ్యత్వం ఇప్పుడు అమల్లో ఉండాలి. సభ్యత్వం క్యాలెండర్ సంవత్సరంతో పాటే డిసెంబర్ 31న ముగుస్తుంది. ఎప్పుడో సీనియర్ అయి, తర్వాత రెన్యూవల్ మానేసిన ప్రొఫెసర్‌గారు లింక్డిన్‌లో ఇంకా సీనియర్ మెంబర్ అనే పెట్టుకుని ఉండొచ్చు. అడగడానికి మొహమాటపడకుండా "సార్, ఈ ఏడాది రెన్యూ చేశారా, మెంబర్ నంబర్ ఇస్తారా" అని కనుక్కోండి. నంబర్ ఉంటే ఇంకో లాభం: ఇంటిపేరు ముందా వెనకా, ఇనీషియల్ విడిగా రాశారా కలిపి రాశారా అన్న తికమకలో దరఖాస్తు ఫారంలో పేరుతో వెతికితే మనవాళ్లు ఒక్కోసారి దొరకనే దొరకరు.

దళారులు దూరేది సరిగ్గా ఇక్కడే, ఎందుకంటే చాలామందికి ముగ్గురు సీనియర్లు తెలియరు. రిఫరెన్స్ ఇచ్చేవాళ్లు తమకు మీరెలా తెలుసో, మీ పనితీరు ఏమిటో తమ పేరు మీద రాసివ్వాలి. డబ్బు తీసుకున్న అపరిచితుడు అక్కడ రాసేది అబద్ధమే. ఆ అబద్ధానికి ముడిపడేది అతని పేరొక్కటే కాదు, మీ దరఖాస్తు కూడా. తెలిసినవాళ్లు లేకపోవడం తప్పేమీ కాదు, దానికి సక్రమమైన దారి ఉంది. మీరున్న ప్రాంతపు సెక్షన్‌ను, అంటే ఐ ట్రిపుల్ ఈ స్థానిక శాఖను సంప్రదించండి. మనవైపు హైదరాబాద్ సెక్షన్, వైజాగ్ బే సెక్షన్ ఉన్నాయి, అమెరికాలోనూ ప్రాంతాల వారీగా ఉన్నాయి. వాటిని నడిపేది వాలంటీర్లు. మీ రెజ్యూమె చదివి, మాట్లాడి, సంతృప్తి కలిగితే రిఫరెన్స్ ఇచ్చే సీనియర్లను కలుపుతారు. కొన్ని సెక్షన్లు ఇందుకోసమే ప్రత్యేక కార్యక్రమాలు పెడతాయి. జవాబు రావడం ఆలస్యం కావచ్చు, ఇంకోసారి మెయిల్ పెట్టండి.

ఈబీ1ఏ (అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లకు అమెరికా ఇచ్చే) గ్రీన్ కార్డు కోసమే ఈ గ్రేడ్ వెనక పడుతున్నవాళ్లు ఒక విషయం గమనించాలి. అక్కడి సభ్యత్వ ప్రమాణం అడిగేది అసాధారణ విజయాలను నిపుణులు తూచి ఇచ్చే సభ్యత్వం. అమెరికా ఇమిగ్రేషన్ విభాగమైన యూఎస్‌సీఐఎస్ పాలసీ మాన్యువల్ ఇంజినీరింగ్ సంస్థల ఉదాహరణ ఇస్తూ, సాధారణ సభ్యత్వం సరిపోకపోవచ్చనీ, ఫెలో స్థాయి సరిపోవచ్చనీ చెబుతుంది. అనుభవపు ఏళ్లకు కూడా ప్రాధాన్యమిచ్చే సీనియర్ మెంబర్ ఈ రెంటికీ మధ్యలో పడుతుంది. కేసు మొత్తాన్ని దీని మీదే నిలబెడతామనే ఏజెంటు మాట నమ్మి డబ్బు కట్టే ముందు లాయర్‌ని అడగండి.

ఆన్‌లైన్‌లో సబ్మిట్ చేశాక రిఫరెన్సులవాళ్లకు మెయిల్ వెళ్తుంది. స్పామ్ ఫోల్డర్ కూడా చూడమని వాళ్లకు ముందే చెప్పి ఉంచండి. రెజ్యూమె కాపీ కూడా పంపితే వాళ్లకు రాయడం సులువు. మూడూ అందాకే దరఖాస్తు ప్యానెల్ ముందుకు వెళ్తుంది. ప్యానెల్ ఏడాదిలో కొన్నిసార్లే కూర్చుంటుంది కాబట్టి ఒక్క రిఫరెన్స్ ఆలస్యమైనా తర్వాతి సమావేశం దాకా ఆగాల్సి రావచ్చు. ఈలోగా డిసెంబర్ వస్తే మీ రెన్యూవల్ సంగతి కూడా చూసుకోండి.