ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపీ (మెరిసే రంగులతో కణాలను చూసే పద్ధతి) శిక్షణకు వెళ్లే ముందు జాగ్రత్తలు

▢ కవర్‌స్లిప్ (నమూనా మీద కప్పే పల్చటి గాజు పలక) మందం చూసుకోండి. చాలా ఆబ్జెక్టివ్‌లు (నమూనాకు దగ్గరగా ఉండే లెన్సులు) 0.17 మి.మీ. గాజుకే తయారవుతాయి, అంటే పెట్టె మీద 1.5 అని రాసినవి. పల్చటివి వాడితే అతి సూక్ష్మ వివరాలు చూపే సూపర్ రిజల్యూషన్ సంగతి దేవుడెరుగు, మామూలు కాన్‌ఫోకల్ (లేజర్‌తో చూసే) మైక్రోస్కోప్‌లోనే బొమ్మ మసకబారవచ్చు.

▢ గట్టిపడే మౌంటింగ్ మీడియం (నమూనాను కవర్‌స్లిప్ కింద నిలిపే ద్రవం) అయితే స్లైడ్లు ముందురోజే చేసి, రాత్రంతా చీకట్లో ఆరనివ్వండి.

▢ కంట్రోల్ స్లైడ్లు తప్పనిసరి. అసలు రంగు వేయనిది ఒకటి, ఒక్కో రంగు విడివిడిగా వేసినవి కొన్ని. జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా మెరిసే ప్రొటీన్) వెలుగు పక్క ఛానెల్‌లోకి, అంటే వేరే రంగు బొమ్మలోకి, కారుతోందా, కణం తనంతట తానే మెరుస్తోందా అన్నది వీటితోనే తేలుతుంది. నన్నడిగితే, అసలు నమూనా కన్నా ముందు సర్దుకోవాల్సింది ఇవే.

▢ మీ రంగులకు తగిన లేజర్లు, ఫిల్టర్లు అక్కడున్నాయా? అడగండి.

▢ బతికున్న కణాలైతే బయోసేఫ్టీ అనుమతి తీసుకోండి. కణాలుంచే ఛాంబర్ 37 డిగ్రీల దగ్గర నిలకడపడేదాకా ఫోకస్ జారుతూనే ఉంటుంది. ముందే ఆన్ చేయించండి.

▢ ఆయిల్ అంటిన స్లైడ్ మీదికి డ్రై లెన్స్ (ఆయిల్ లేకుండా వాడేది) తిప్పొద్దు. తుడవడానికి లెన్స్ పేపరే. చొక్కా అంచు అస్సలు వద్దు!

▢ లేజర్ ఇంటర్‌లాక్ (మూత తెరిస్తే లేజర్‌ను ఆపేసే రక్షణ ఏర్పాటు) జోలికి పోవద్దు.

▢ జేపెగ్‌లు కాదు, సెట్టింగులతో సహా ముడి ఫైళ్లు తెచ్చుకోండి. పెద్ద హార్డ్‌డిస్క్ ఉండాలి.